టేబుల్ మీద పలికిన రేడియో మేడెక్కితే ఎందుకు మూగబోయింది?

ప్రశ్న: మాది మూడంతస్తుల ఇల్లు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, కింద సంపు పక్కన ఒక హెచ్‌పీ మోటారు ఉన్నాయి. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయేలా చేద్దామని రెండు ఆర్డువినో నానోలు (ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డులు), రెండు ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో మాడ్యూళ్లు కొన్నాను. టేబుల్ మీద పక్కపక్కన పెడితే ‘హలో’ వెళ్లింది. పక్క గదిలోకి తీసుకెళ్తే పదింట్లో రెండో మూడో వస్తున్నాయి. మేడ మీద 9 ఓల్టుల అడాప్టర్ పెట్టి, బయటి కరెంటు తీసుకునే విన్ పిన్‌కి ఇస్తే ఒక్కటీ రాలేదు. దూరం చాలట్లేదేమోనని పొడుగు యాంటెన్నా ఉన్న పెద్ద మాడ్యూళ్లు తెప్పించాను. అవి టేబుల్ మీద కూడా పలకట్లేదు. ఇవి వదిలేసి వైఫై లోపలే ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు కొనమని ఒకరు, ఎక్కువ దూరం పలికే లోరా రేడియో కొనమని ఇంకొకరు అంటున్నారు. ఏది కొనాలి? కిలోమీటరు దూరంలో మా రొయ్యల చెరువు ఉంది. అక్కడ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ నడుస్తోందో లేదో ఇంట్లో తెలిసేలా చేయడానికి కూడా ఇదే పనికొస్తుందా? – డిప్లొమా విద్యార్థి, భీమవరం

సమాధానం: ట్యాంకు పనికి కొత్త రేడియో ఏదీ కొనకండి. చెరువు సంగతి వేరు, దాని దగ్గరికి చివర్లో వద్దాం.

మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. చిన్న మాడ్యూల్ కాస్తయినా పలికింది, పెద్దది అసలే పలకలేదన్నారు. దూరమే సమస్య అయితే పెద్ద యాంటెన్నాతో మెరుగుపడాలి కదా! ఇంకా అధ్వాన్నమైందంటే దానికి చాలనిది కరెంటు. కొత్తగా వైర్‌లెస్ మొదలుపెట్టినవాళ్లు యాంటెన్నానీ ప్రోగ్రామునీ పట్టుకుని రోజులు గడిపేస్తారు. తప్పు మాత్రం చాలాసార్లు 3.3 ఓల్టుల వైరు దగ్గరే ఉంటుంది.

లెక్క చూడండి. చిన్న మాడ్యూల్ పంపేటప్పుడు పదకొండు మిల్లీఆంపియర్ల పైచిలుకు, వినేటప్పుడు పదమూడు దాకా తీసుకుంటుంది. పొడుగు యాంటెన్నా ఉన్నదాంట్లో అదనంగా ఒక యాంప్లిఫయర్ ఉంటుంది. అది పూర్తి పవర్‌తో పంపేటప్పుడు నూటపదిహేను మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. మరి నానో 3.3 పిన్ ఎంత ఇస్తుంది? నానో బోర్డు మీద 3.3 కోసం విడిగా రెగ్యులేటర్ (ఓల్టేజిని దించి నిలకడగా ఉంచే చిప్) ఉండదు. యూఎస్‌బీ కోసం పెట్టిన చిప్ లోపల ఉన్న చిన్న రెగ్యులేటర్ నుంచే ఆ పిన్‌కి లాగుతారు. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న అసలు బోర్డులో దాని హద్దు 50 మిల్లీఆంపియర్లు. మార్కెట్లో ఎక్కువగా దొరికే సీహెచ్340 చిప్ బోర్డుల్లో అంతకన్నా తక్కువే. చిన్న మాడ్యూల్ దీని మీద ఒడిదుడుకులతో నడుస్తుంది, పెద్దది నడవనే నడవదు.

మేడ మీద ఒక్కటీ రాకపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. అసలు నానో డిజైన్‌లో ఆ యూఎస్‌బీ చిప్‌కి కరెంటు యూఎస్‌బీ నుంచే వస్తుంది. అడాప్టర్ తెచ్చి విన్ పిన్‌కి ఇస్తే నానో వెలుగుతుంది, ప్రోగ్రాము నడుస్తుంది, కానీ 3.3 పిన్ మీద ఏమీ ఉండదు. మీ బోర్డు ఏ రకమో మల్టీమీటర్ చెప్పేస్తుంది. యూఎస్‌బీ తీసేసి, అడాప్టర్ మాత్రమే పెట్టి, 3.3 పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలవండి. సున్నాయో, ఒకటిన్నరో చూపిస్తే మేడ సంగతి అక్కడే తేలిపోయినట్టు.

ఇక బాగుచేసే పద్ధతి. ఈ మాడ్యూల్ గుచ్చుకోవడానికి ఎనిమిది రంధ్రాల సాకెట్, పైన ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉన్న చిన్న అడాప్టర్ బోర్డు దొరుకుతుంది. రెండు కొనండి, ఒక్కో రేడియోకి ఒకటి. దాని వీసీసీకి, అంటే కరెంటు తీసుకునే పిన్‌కి, నానో 5 ఓల్టుల పిన్ నుంచి ఇవ్వాలి. నానోకి మాత్రం 9 ఓల్టుల అడాప్టర్ మానేసి, మంచి ఫోన్ చార్జర్‌తో యూఎస్‌బీ నుంచే ఇవ్వండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. అడాప్టర్ బోర్డుకి 5 ఓల్టులు ఇవ్వచ్చు, మాడ్యూల్‌కి నేరుగా ఇవ్వకూడదు. దాని హద్దు 3.6 ఓల్టులు, అంతకు మించితే చిప్ పోతుంది. డేటా పిన్నుల గోల లేదు, అవి నానో 5 ఓల్టుల సిగ్నల్‌ని తట్టుకుంటాయి. లిథియం బ్యాటరీ నుంచి ఈ బోర్డుకి నేరుగా ఇవ్వాలని మాత్రం చూడకండి. ఏఎంఎస్1117కి లోపలికి వచ్చేది బయటికి వెళ్లేదానికన్నా ఓల్టు పైన ఎక్కువ ఉండాలి. 3.7 నుంచి 3.3 అది తీయలేదు.

దాంతో పాటు మాడ్యూల్ వీసీసీ, గ్రౌండ్ పిన్నుల మీదే 47 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేయండి. తెల్ల చార ఉన్న కాలు గ్రౌండ్‌కి. పదికీ వందకీ మధ్య ఏ విలువైనా నడుస్తుంది. పక్కనే 100 నానోఫారడ్ల సిరామిక్ పెడితే ఇంకా మంచిది. ఎందుకంటే, ఎనిమిది బైట్ల ప్యాకెట్ 250 కేబీపీఎస్ (సెకనుకి 250 కిలోబిట్ల) వేగంతో గాల్లో ఉండేది అర మిల్లీసెకను పైచిలుకు. ఆ కాసేపట్లో రేడియో గబుక్కున కరెంటు గుంజుతుంది. సన్నటి జంపర్ వైరు, వదులు బ్రెడ్‌బోర్డు దాటి అంత తొందరగా కరెంటు రాదు, ఓల్టేజి కుంగుతుంది, ప్యాకెట్ పాడవుతుంది. మల్టీమీటర్‌కి ఇది కనిపించదు, అది తాపీగా 3.3 అనే చూపిస్తుంది. కెపాసిటర్ గుమ్మం పక్కన పెట్టుకున్న నీళ్ల కుండ లాంటిది, దాహం వేసిన ప్రతిసారీ బావి దాకా వెళ్లనక్కర్లేదు. బ్రెడ్‌బోర్డు అవతలి చివర గుచ్చితే మాత్రం కుండని వీధి చివర పెట్టినట్టే.

మాడ్యూల్‌ని వేలితో ముడితే పనిచేసి, తీస్తే ఆగిపోతోందా? అదీ కరెంటు జబ్బే, లేదా గ్రౌండ్ వైరు వదులు.

వైర్లు ఇలా కలపండి: రేడియో సీఈ నానో డీ9కి, సీఎస్‌ఎన్ డీ10కి, మోసీ డీ11కి, మిసో డీ12కి, ఎస్‌సీకే డీ13కి. ఐఆర్‌క్యూ వదిలేయండి. సీఎస్‌ఎన్‌కి పదో పిన్నే ఎందుకంటే, నానోలో ఎస్‌పీఐ (నానో, రేడియో ఈ వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతి) సరిగ్గా నడవాలంటే ఆ పిన్ అవుట్‌పుట్‌గానే ఉండాలి. వేరే పనికి ఇన్‌పుట్‌గా వాడితే ఎస్‌పీఐ మధ్యలో మొరాయిస్తుంది. దానికే ఉద్యోగం ఇచ్చేస్తే గొడవ లేదు. పదమూడో పిన్ మీద బోర్డు ఎల్‌ఈడీ కూడా ఉంటుంది. ‘ప్రోగ్రాము నడుస్తోందో లేదో చూద్దాం’ అని దాన్ని బ్లింక్ చేశారో, రేడియో క్లాకు చెడుతుంది. ఎల్‌ఈడీ కావాలంటే వేరే పిన్‌కి పెట్టుకోండి. నెట్‌లో చూసే పిన్ బొమ్మల్లో కొన్ని మాడ్యూల్‌ని పైనుంచి చూసి గీసినవి, కొన్ని కిందనుంచి. తారుమారైతే వీసీసీ ఉండాల్సిన చోట గ్రౌండ్ వస్తుంది. చిప్ పక్క పేర్లు అచ్చు వేసి ఉంటే వాటినే నమ్మండి. ఎస్‌పీఐ వైర్లు పది సెంటీమీటర్లు దాటనివ్వకండి. రేడియోని పిట్టగోడ మీదికి చేర్చడానికి ఆ వైర్లని రెండు మీటర్లు పొడిగించాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. అది కుదరదు. నానోతో సహా జరపాలి.

దూరం సంగతి చూడకముందే ఒక్కో బోర్డు తన రేడియోతో మాట్లాడుతోందో లేదో తేల్చుకోండి. ఈ రేడియో కోసం రాసిన ఆర్‌ఎఫ్24 లైబ్రరీలో బిగిన్ ఫంక్షన్ ట్రూ గానీ ఫాల్స్ గానీ తిరిగి ఇస్తుంది. నెట్ నుంచి తెచ్చుకునే ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ జవాబు చూసే అలవాటు లేదు. దాన్ని ఇఫ్‌లో పెట్టి, ఫాల్స్ వస్తే సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మాటలు కంప్యూటర్ తెర మీద కనిపించే చోటు) చెప్పి ఆగిపోయేలా రాయండి. తర్వాత ప్రింట్‌డీటెయిల్స్ ఫంక్షన్ పిలవండి. దానికి ముందు ప్రింట్‌ఎఫ్ హెడర్ కలిపి, ప్రింట్‌ఎఫ్ బిగిన్ పిలవడం మరిచిపోతే తెర ఖాళీగా ఉంటుంది. అడ్రసులు, ఛానెల్, వేగం మీరు పెట్టినట్టే కనిపిస్తే వైర్లు సరే. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్ఎఫ్‌లో వస్తే వైరింగ్ తప్పు, లేదా సీఈ, సీఎస్‌ఎన్ అటూ ఇటూ అయ్యాయి. ప్రోగ్రాములో ముందు సీఈ నంబరు, తర్వాత సీఎస్‌ఎన్ నంబరు రాయాలి. ఈ పరీక్షకి రెండో బోర్డు అక్కర్లేదు. రెండు బోర్డులూ విడివిడిగా దీన్ని దాటాకే ఒకదానితో ఒకటి మాట్లాడించండి.

మాట్లాడించేటప్పుడు రెండు వైపులా ఛానెల్, వేగం, అడ్రసు ఒకేలా ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా ‘సగం పనిచేయడం’ ఉండదు, పూర్తి నిశ్శబ్దమే.

వేగం 250 కేబీపీఎస్ పెట్టండి. నీళ్ల మట్టం పంపడానికి రెండు ఎంబీపీఎస్ దేనికి? డేటాషీటు ప్రకారం ఈ చిప్ 250 కేబీపీఎస్‌లో మైనస్ 94 డీబీఎమ్ దాకా వినగలదు, 1 ఎంబీపీఎస్‌లో మైనస్ 85 దాకానే (మైనస్ తర్వాతి అంకె ఎంత పెద్దదైతే అంత సన్నటి సిగ్నల్ వింటుందని అర్థం). తొమ్మిది డీబీ తేడా అంటే ఎదురుగా అడ్డం లేని చోట దాదాపు రెండున్నర, మూడు రెట్ల దూరం. పైసా ఖర్చు లేకుండా ప్రోగ్రాములో ఒక్క లైనుతో వచ్చేది ఇదొక్కటే. అయితే పేరు చివర ‘ప్లస్’ లేని పాత చిప్‌లకి 250 లేదు. లైబ్రరీలో ఈజ్‌పీవేరియంట్ అనే ఫంక్షన్ ట్రూ ఇస్తే మీది ప్లస్ రకమే.

ఛానెల్ దగ్గర ఒక కాపీ జబ్బు ఉంది. ఎక్కడ చూసినా ‘వైఫై గోల లేకుండా 108 పెట్టండి’ అని రాస్తారు. ఈ చిప్‌లో ఛానెల్ నంబరుకి 2400 కలిపితే మెగాహెర్ట్జ్ వస్తుంది. 108 అంటే 2508. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే పట్టీ 2400 నుంచి 2483.5 వరకే. చిప్ పలుకుతుంది కదా అని పలికించకూడదు. 76 నుంచి 80 మధ్య ఏదైనా పెట్టండి. ఇళ్లలో రౌటర్లు ఎక్కువగా కూర్చునే 1, 6, 11 వైఫై ఛానెళ్లు 2473 లోపే అయిపోతాయి, కాబట్టి పై అంచున మీకు చోటు దొరుకుతుంది. మీ వీధిలో ఎవరి రౌటరైనా 13వ ఛానెల్ మీద ఉంటే మాత్రం అక్కడా రద్దీయే. లైబ్రరీతో వచ్చే స్కానర్ ఉదాహరణని మేడ మీద అయిదు నిమిషాలు నడిపితే ఏ ఛానెల్ మీద ఎంత సందడి ఉందో అంకెల్లో కనిపిస్తుంది.

పంపే పవర్‌ని టేబుల్ మీద పరీక్షించేటప్పుడు కనిష్ఠం, మేడ మీద గరిష్ఠం పెట్టండి. యాంప్లిఫయర్ ఉన్న రెండు మాడ్యూళ్లని అడుగు దూరంలో పెట్టి పూర్తి పవర్‌తో పంపితే చెవి దగ్గర మైకు పెట్టి అరిచినట్టు, అవతలిదానికి మాట అర్థం కాదు. మాడ్యూల్ చెడిందనుకుని పారేస్తుంటారు పాపం. ఇంకొకటి, స్క్రూ యాంటెన్నా బిగించకుండా దాన్ని ఎప్పుడూ ఆన్ చేయకండి.

ఇక ప్యాకెట్. ‘హలో’ లాంటి అక్షరాలు పరీక్షకి బాగుంటాయి గానీ, ‘లెవెల్=75’ అని వాక్యాలు పంపి అవతల ముక్కలు కోసుకోవడం అనవసరపు పని. ఒక ప్యాకెట్‌లో 32 బైట్లే పడతాయి కూడా. స్ట్రక్ట్, అంటే అంకెలన్నీ కలిపి ఒకే మూట, కట్టండి. ముందు రెండు బైట్ల వరుస సంఖ్య, తర్వాత రెండు బైట్ల నీటి మట్టం సెంటీమీటర్లలో, తర్వాత రెండు బైట్ల సప్లై ఓల్టేజి మిల్లీఓల్టుల్లో, చివర్లో ఒక బైటు బోర్డు నంబరు, ఒక బైటు సెన్సర్ బాగుందో లేదో. మొత్తం ఎనిమిది. రకాలు యుఇంట్16, యుఇంట్8 అని కొలత చెప్పి రాయండి, ఉత్త ఇంట్ వాడకండి. నానోలో ఇంట్ రెండు బైట్లు, ఈఎస్‌పీ32లో నాలుగు. రేపు కింద బోర్డు మార్చితే పంపింది 75, అందింది 4915200 అయి కూర్చుంటుంది. పెద్దవి ముందు, చిన్నవి వెనక పెట్టమన్నదీ అందుకే. ఒక బైటు ముందు పెట్టి దాని వెనక రెండు బైట్లది పెడితే, ఈఎస్‌పీ32 కంపైలర్ మధ్యలో ఒక ఖాళీ బైటు చొప్పిస్తుంది, నానో కంపైలర్ చొప్పించదు. అక్కడినుంచి అంకెలన్నీ ఒక గడి పక్కకి జరిగిపోతాయి.

వరుస సంఖ్య ఎందుకని అడుగుతారేమో. పంపిన ప్రతిసారీ దాన్ని ఒకటి పెంచండి. 115 తర్వాత 118 వస్తే రెండు పోయాయని లెక్క తెలుస్తుంది. ‘వస్తోంది, రావట్లేదు’ అనే మాట బదులు ‘నూటికి 97’ అనే అంకె చేతికొస్తుంది. యాంటెన్నాని అటు తిప్పితే బాగుందా, ఇటు పెడితే బాగుందా అన్నది అంకె లేకుండా ఎవరూ చెప్పలేరు. సెకనుకొకటి చొప్పున నూరు పంపి లెక్కపెట్టండి. ఈ లెక్క తీసేటప్పుడు ఆటో అక్నాలెడ్జ్‌మెంట్ (అందిందని అవతలి చిప్ తనే పంపే రసీదు) రెండు వైపులా ఆపేయండి. లేకపోతే చిప్ తనే పదిహేను సార్లు దాకా మళ్లీ పంపి, బలహీనమైన లింకుని బలంగా ఉన్నట్టు చూపిస్తుంది. నూటికి 80 దాటాక దాన్ని మళ్లీ పెట్టుకుంటే, అసలు పనిలో దాదాపు అన్నీ చేరతాయి. మళ్లీ పంపే సెట్టింగు 5, 15 అని ఉంచితే ప్రతి ప్రయత్నం మధ్య ఒకటిన్నర మిల్లీసెకను వస్తుంది, మీకు సరిపోతుంది.

రైట్ ఫంక్షన్ ట్రూ ఇచ్చిందంటే అవతలి రేడియో చిప్‌కి అందిందని మాత్రమే. అవతలి ప్రోగ్రాము దాన్ని చదివిందని కాదు. రసీదు ఇచ్చేది చిప్, నానో కాదు. కింద ప్రోగ్రాము పెద్ద డిలేలో నిద్రపోతున్నా మొదటి మూడు ప్యాకెట్లకి రసీదులు వచ్చేస్తాయి, చిప్‌లో మూడింటికి చోటుంది కాబట్టి. కింద లూప్‌లో డిలే వాడకండి, గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లిస్ ఫంక్షన్‌తో లెక్క చూసుకోండి.

మేడ మీద ఎక్కడ పెట్టాలన్నది మిగతా వాటికన్నా ఓపిక అడిగే పని. 2.4 గిగాహెర్ట్జ్‌కి నీళ్లంటే పడదు, ఇనుమంటే అసలే పడదు. ట్యాంకు వెనకాల బోర్డు పెడితే ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు లింకు బాగుంటుంది, నిండేకొద్దీ నీరసిస్తుంది. సరిగ్గా మోటారు ఆపాల్సిన సమయానికి మాట పోతుందన్నమాట! ట్యాంకుకి మోటారు వైపున, పిట్టగోడ అంచున, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. మూడు శ్లాబులు నిలువునా చొచ్చుకుని వెళ్లాలని ఆశించకండి. గోడ బయటి వైపు నుంచో, మెట్లదారి ఖాళీలోంచో దారి ఇవ్వండి. కింద బోర్డుని మోటారు గదిలో ఇనప స్టార్టర్ పెట్టె లోపల పెట్టకుండా గది కిటికీ దగ్గరికి జరపండి. రెండు యాంటెన్నాలూ నిలువుగానే ఉండాలి, ఒకటి నిలువు ఒకటి అడ్డం అయితే సిగ్నల్ చాలా పడిపోతుంది. సెన్సర్ కోసం నీళ్లు తగిలినా పాడవని జేఎస్‌ఎన్ రకం అల్ట్రాసోనిక్ వాడితే, నిండు మట్టానికి పాతిక సెంటీమీటర్ల పైన బిగించండి. అంతకు దగ్గరగా వచ్చిన నీటిని అది సరిగ్గా కొలవలేదు.

ఇప్పుడు రేడియో కన్నా ముఖ్యమైనది. కింద బోర్డుకి మాట రాకపోతే ఏం చేయాలి? మీ ఉత్తరంలో దీని ఊసే లేదు. ‘నిండింది, ఆపు’ అని మేడ మీద నుంచి ఒక్కసారి పంపే పద్ధతి పెట్టారనుకోండి. ఆ ఒక్క ప్యాకెట్ పోతే నీళ్లు మేడ మీద నుంచి వీధిలోకే. తిరగేయండి. మేడ మీద బోర్డు అయిదు సెకన్లకోసారి మట్టం పంపుతూనే ఉండాలి. మోటారు నడవడానికి అనుమతి ఆ మాట వస్తున్నంతసేపే. ముప్పై సెకన్లు, అంటే ఆరు ప్యాకెట్లు వరసగా రాకపోతే కింద బోర్డు మోటారు ఆపేయాలి. సెన్సర్ బైటు చెడ్డదని చెప్పినా ఆపాలి. మోటారు ఆన్‌లో ఉండి అయిదు నిమిషాల్లో మట్టం పెరగకపోతే ఆపాలి, సంపు ఎండిపోయి ఉండొచ్చు. మామూలుగా ట్యాంకు నిండే సమయానికి ఒకటిన్నర రెట్లు దాటినా ఆపాలి. కరెంటు పోయి వస్తే మోటారు ఆఫ్‌లోనే మొదలవ్వాలి, మంచి ప్యాకెట్లు మూడు వరసగా వచ్చాకే ఆన్ చేయాలి. ఇవన్నీ ఉన్నా ట్యాంకులో మామూలు ఫ్లోట్ వాల్వు ఉంచండి, దానికి ప్రోగ్రాముతో పనిలేదు.

‘10 ఆంపియర్లు’ అని రాసి ఉన్న నీలం రిలేతో మోటారుని నేరుగా తిప్పకండి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు అయిదారు ఆంపియర్లే తీసుకోవచ్చు గానీ మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే మీ ప్రోగ్రాము ‘ఆఫ్’ అంటూనే ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఆ రిలే కాంటాక్టర్ (మోటారు కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారుని కాంటాక్టర్ నడపాలి. 230 ఓల్టుల భాగం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. కాంటాక్టర్ టక్‌మన్నప్పుడల్లా నానో రీసెట్ అవుతుంటే, కాయిల్‌కి అడ్డంగా ఆ కుదుపుని మింగే ఆర్‌సీ స్నబ్బర్ పెట్టించి, నానో సప్లై వైర్లని మోటారు వైర్లకి దూరంగా తీసుకెళ్లండి.

ఈఎస్‌పీ32 కొనమన్నవాళ్లు తప్పు చెప్పలేదు. చేతిలో ఏమీ లేకుండా ఈ రోజు మొదలుపెట్టేవాళ్లకి అదే తేలిక. ఈఎస్‌పీ నౌ పద్ధతిలో రౌటర్ లేకుండానే బోర్డుకీ బోర్డుకీ నేరుగా 250 బైట్ల దాకా పంపుకోవచ్చు, విడి రేడియో వైర్లు ఉండవు. కానీ దాని తంటాలు దానికీ ఉన్నాయి. రెండూ ఒకే వైఫై ఛానెల్ మీద ఉండాలి. ఒకటి ఇంటి రౌటర్‌కి కలిసిందంటే రౌటర్ ఛానెల్‌కి వెళ్లిపోతుంది, రెండోది పాత చోటే ఉండి పిలుస్తూ ఉంటుంది. వైఫై నడుస్తుండగా ఏడీసీ2 గుంపు పిన్నుల మీద అనలాగ్ కొలతలు రావు. ఆర్డువినోలో ఈఎస్‌పీ32 ప్యాకేజీ 3వ వెర్షన్ నుంచి, డేటా అందినప్పుడు పిలిచే ఫంక్షన్ రాసే తీరు మారింది. పాత పాఠాల్లోని ప్రోగ్రాము ఎర్రర్ ఇస్తే కంగారు పడకండి. కరెంటు బాధ అక్కడా తప్పదు. వైఫై పంపేటప్పుడు ఒక్కసారిగా రెండువందల మిల్లీఆంపియర్ల పైన లాగుతుంది. నాసిరకం కేబుల్ అయితే సీరియల్ మానిటర్‌లో ‘బ్రౌన్‌అవుట్’ (ఓల్టేజి పడిపోయింది) అని చెప్పి రీసెట్ అవుతుంది. నయం, అది నోరు తెరిచి చెబుతుంది.

చౌకగా వచ్చే 433 మెగాహెర్ట్జ్ జత జోలికి వెళ్లకండి. రసీదు పద్ధతి లేదు, ఎవరూ పంపనప్పుడు కూడా రిసీవర్ చెత్త అంకెలు కక్కుతూనే ఉంటుంది.

చెరువు దగ్గరికి వద్దాం. కిలోమీటరు దూరానికి ఎన్‌ఆర్‌ఎఫ్ కాదు, లోరాయే సరైనది. కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ చూసి కొనండి. మన దేశంలో దీనికి లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. ఎస్‌ఎక్స్1276 చిప్ ఉన్న, 868 అని రాసి అమ్మే మాడ్యూల్ తీసుకుని ప్రోగ్రాములో 866 పెట్టుకోండి. ఎస్‌ఎక్స్1278 అని ఉన్నవి 433 రకం, అవి 866లో పనిచేయవు. 915 అని అమ్మేవి అమెరికా కోసం, ఇక్కడ ఆ చుట్టుపక్కల పట్టీ మొబైల్ ఫోన్లది. ఈ చిప్ పిన్నులు 5 ఓల్టులు తట్టుకోవు, నానోతో కలపాలంటే మధ్యలో 5 ఓల్టుల సిగ్నల్‌ని 3.3కి దించే లెవెల్ షిఫ్టర్ ఉండాలి. దానికన్నా 3.3 ఓల్టుల బోర్డు వాడటం సుఖం. యాంటెన్నా లేకుండా పంపకండి. 866కి పావు తరంగం దాదాపు 8.7 సెంటీమీటర్లు, అంత పొడుగు నిటారు తీగ కూడా పనిచేస్తుంది. చెరువు గట్ల మీద నేల చదును కాబట్టి రెండు చివర్లా నాలుగు మీటర్ల ఎత్తున యాంటెన్నా పెడితే కిలోమీటరు కష్టం కాదు. మధ్యలో కొబ్బరి తోట ఉంటే ఇంకాస్త ఎత్తు కావాలి. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (పెంచేకొద్దీ దూరం పెరిగి, వేగం తగ్గే లోరా సెట్టింగు) 9తో మొదలుపెట్టండి. దూరం బాగా వస్తుందని నేరుగా 12 పెడితే ఇరవై బైట్ల ప్యాకెట్‌కే సెకను పైన పడుతుంది.

ఏరేటర్ నడుస్తోందా అన్నది స్టార్టర్‌కి కరెంటు వచ్చిందా అని చూస్తే తెలియదు, మోటారు కాలిపోయినా స్టార్టర్‌కి కరెంటు ఉంటుంది. మోటారు వైరు ఒక్క ఫేజ్ చుట్టూ క్లాంప్ లాంటి కరెంటు సెన్సర్ తగిలించి, ఆంపియర్లు చూడండి. మూడు ఫేజుల మోటారైతే మూడింటికీ మూడు. ఒక ఫేజ్ పోయి మిగతా రెండింటి మీద మూలుగుతున్న మోటారుని అదే పట్టిస్తుంది. నిమిషానికోసారి స్థితి పంపించండి, మారినప్పుడు వెంటనే పంపించండి. చెరువు దగ్గర కరెంటు పోతే ఏరేటర్‌తో పాటు మీ బోర్డూ ఆరిపోతుంది, ‘ఆగింది’ అని చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు. కాబట్టి ఇంట్లో బజర్ మోగాల్సింది ‘ఆగింది’ అన్న కబురుకి మాత్రమే కాదు, మూడు నిమిషాలు ఏ కబురూ రాకపోయినా మోగాలి. ఆ బజర్ ఉన్న బోర్డు ఇన్వర్టర్ లైను మీద ఉండాలి.